ప్లాస్టిక్ మౌత్‌పీస్ చేయించుకోవాలంటే: ఏ వాద్యానికి ఏ ప్లాస్టిక్, ఏ పద్ధతి?

పెళ్లి బ్యాండుల్లో ట్రంపెట్, యుఫోనియం వాయించేవాళ్లకూ, చర్చిలోనో స్కూలు బ్యాండులోనో క్లారినెట్, సాక్సోఫోన్ నేర్చుకుంటున్న పిల్లలకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన ఇది: మౌత్‌పీస్‌ను ప్లాస్టిక్‌తో మనమే చేయించుకుంటే ఎలా ఉంటుంది? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అదేమీ అందని పని కాదు. రాణిగంజ్‌లో ప్లాస్టిక్ రాడ్లు దొరుకుతాయి. బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ వైపు చిన్న చిన్న లేత్ షాపులకు కొదవలేదు. త్రీడీ ప్రింటింగ్ చేసిపెట్టేవాళ్లూ పెరిగారు. చిక్కేమిటంటే, ఎవర్ని అడిగినా తమ దగ్గరున్న ప్లాస్టికే మంచిదంటారు, తమ మెషీనే సరిపోతుందంటారు. వాద్యం గురించి అడిగేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. పెదాలు ఆనించి ఊదే కప్పు మౌత్‌పీస్ అయితే, అంటే ట్రంపెట్, ట్రాంబోన్, యుఫోనియం లాంటి వాటికైతే, ఎసిటాల్ రాడ్ కొని లేత్ మీద చేయించండి. బజార్లో దాన్ని డెల్రిన్ అంటేనే అందరికీ తెలుస్తుంది. రీడు కట్టి ఊదే క్లారినెట్, సాక్సోఫోన్ అయితే మొత్తం మౌత్‌పీస్‌ను రాడ్ నుంచి చెక్కించే ప్రయత్నం వద్దు. మామూలు ధరలో దొరికే ఫ్యాక్టరీ మౌత్‌పీస్ కొని, దాని ఫేసింగ్, అంటే రీడుకు ఎదురుగా ఉండే వంపు, సరిచేసుకోండి. వాద్యం ఏదైనా సరే, ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు ముక్కను మాత్రం నోటి దగ్గరికి రానివ్వకండి.

ప్లాస్టిక్ అయితే స్వరం పాడవుతుందా?

అందరి భయం ఇదే కాబట్టి దీన్ని ముందు తేల్చుకుందాం. మౌత్‌పీస్ స్వరాన్ని నిర్ణయించేది ప్రధానంగా దాని లోపలి ఆకారం. కప్పు లోతు, అంచు గుండ్రం, గొంతు రంధ్రం, దాని వెనక విచ్చుకుంటూ పోయే బోరు, రీడు వాద్యాల్లో అయితే టిప్ (నోట్లో ఉండే కొస) దగ్గరి ఖాళీ, ఫేసింగ్ వంపు, లోపలి ఛాంబరు. గోడ దేంతో చేశారన్నది వీటి ముందు చిన్న విషయం. రెండు మౌత్‌పీస్‌లు వేరే వేరే పదార్థాలతో చేసి, లోపలి కొలతలు నిజంగా ఒకటే ఉంచితే, వినేవాళ్లకు తేడా పట్టుకోవడం చాలా కష్టం. వాయించేవాళ్లకు మాత్రం తేడా తెలుస్తుంది. బరువు, పెదవికి తగిలే చల్లదనం, అంచు మీద పెదవి జారే తీరు, పళ్లకు తగిలే అదురు, ఇవన్నీ మారతాయి కాబట్టి.

1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ వాయించిన ఆల్టో సాక్సోఫోన్ ఇంగ్లండ్‌లో తయారైన గ్రాఫ్టన్. దాని ఒళ్లంతా అక్రిలిక్ ప్లాస్టిక్. అమెరికాలో ఆర్నాల్డ్ బ్రిల్‌హార్ట్ చేసిన ప్లాస్టిక్ మౌత్‌పీస్‌లు పెద్ద పెద్ద వాద్యకారుల చేతుల్లో తిరిగాయి. ఇవాళ యమహా 4సీ అనే క్లారినెట్, సాక్సోఫోన్ మౌత్‌పీస్ మీద ప్రపంచమంతా పిల్లలు నేర్చుకుంటున్నారు, అదీ రెసిన్‌తో చేసిందే. కెల్లీ కంపెనీ ట్రంపెట్ నుంచి ట్యూబా దాకా పాలీకార్బొనేట్ మౌత్‌పీస్‌లు అమ్ముతోంది. ప్లాస్టిక్ అంటే బొమ్మ వస్తువు అనుకోనక్కర్లేదు.

మన ఊళ్లో ప్లాస్టిక్‌కు ఇంకో పెద్ద కారణం ఉంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం ముహూర్తానికి ఎండలో నిలబడి వాయించేవాళ్లకు ఇత్తడి మౌత్‌పీస్ పెదవిని ఎలా చురుక్కుమనిపిస్తుందో తెలుసు. ఇత్తడి వేడిని ప్లాస్టిక్ కంటే కొన్ని వందల రెట్లు త్వరగా చేరవేస్తుంది. జనవరి తెల్లవారుజామున ఇదే మాట తిరగబడి, మౌత్‌పీస్ ఎంతకీ వేడెక్కదు. పైగా చాలామంది వాడే పాత మౌత్‌పీస్‌లకు వెండి పూత అరిగిపోయి లోపలి ఇత్తడి బయటపడి ఉంటుంది. లేత్ మీద సులభంగా తెగడానికి ఇత్తడిలో కొద్దిగా సీసం కలుపుతారు. పూత పోయిన అంచును సీజన్ అంతా రోజూ గంటల తరబడి పెదాలకు ఆనించి ఉంచడం మంచిది కాదు. కొందరికి నికెల్ పడక పెదాల చుట్టూ దద్దుర్లు వస్తాయి. ఇలాంటివాళ్లకు ప్లాస్టిక్ తప్పనిసరి అవసరమే.

కప్పు మౌత్‌పీస్‌కు ఏ రాడ్?

పోటీ నిజానికి మూడింటి మధ్యే: ఎసిటాల్, అక్రిలిక్, పాలీకార్బొనేట్. మిగతావి ఎందుకు వద్దో తర్వాత క్లుప్తంగా చెబుతాను.

ఎసిటాల్‌ను లేత్ మీద కోయడం చూస్తే ఎందుకు దీన్నే ముందు పెడుతున్నానో అర్థమవుతుంది. పదునైన హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్ తగలగానే తెల్లటి పొడుగాటి తీగలా ఊడి వస్తుంది. కరగదు, అంటుకోదు, పెచ్చులు లేవవు. కూలెంట్ కూడా అక్కర్లేదు. నీటిని పీల్చేది చాలా తక్కువ, కాబట్టి ఉమ్మి తగిలినా, కడిగినా కొలత మారదు. కింద పడితే పగలదు. పెళ్లి ఊరేగింపులో వాయించే వస్తువుకు ఈ చివరి గుణం చాలా ముఖ్యం. దీని లోపాలూ ఉన్నాయి. అద్దంలా మెరిసే పాలిష్ రాదు, మెత్తటి మసక నునుపే వస్తుంది. ఏ జిగురూ దీనికి సరిగా అంటదు, కాబట్టి విరిగితే అతికించడం కుదరదు. డెల్రిన్ రకం రాడ్లలో నట్టనడుమ సన్నటి గుల్ల గీత ఉండే అవకాశం ఉంది. మౌత్‌పీస్‌కు మధ్యలో ఎలాగూ రంధ్రం వేస్తాం కాబట్టి ఆ గీత చాలావరకు డ్రిల్లుతోనే పోతుంది. ఇంకో జాగ్రత్త: మొద్దు టూల్‌తో రాపిడి పెట్టి దీన్ని కాల్చకూడదు. బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ వాయువు వస్తుంది, కళ్లు మండిపోతాయి.

అక్రిలిక్ అందం వేరు. గాజులా పారదర్శకంగా ఉంటుంది, వాటర్ పేపర్ 800 నుంచి 2000 దాకా పట్టి చివర్లో టూత్‌పేస్ట్‌తో రుద్దితే తళతళలాడుతుంది. అంచు పెదవికి చాలా నున్నగా తగులుతుంది. పారదర్శకం కావడం వల్ల లోపల మురికి పట్టిందో లేదో కనిపిస్తుంది, పిల్లలకు ఇది మంచిదే. కానీ కొనేటప్పుడు అది కాస్ట్ (అచ్చులో పోసిన) రాడ్డా, ఎక్స్‌ట్రూడెడ్ (మెషీన్‌లోంచి ఒత్తి తీసిన) రాడ్డా అని తప్పకుండా అడగాలి. ఎక్స్‌ట్రూడెడ్ రాడ్ డ్రిల్లు వేడికే మెత్తబడి బంకలా చుట్టుకుంటుంది. కాస్ట్ రాడ్ పొడిపొడిగా తెగుతుంది. అక్రిలిక్‌కు అసలు శత్రువు స్పిరిట్. మెషీన్ మీద కోసినప్పుడు లోపల మిగిలిపోయే ఒత్తిడి వల్ల, శానిటైజర్ తగలగానే జుట్టంత సన్నటి పగుళ్లు పుట్టుకొస్తాయి. కరోనా తర్వాత మౌత్‌పీస్‌ను శానిటైజర్‌తో తుడవడం అలవాటైన బ్యాండుల్లో అక్రిలిక్ పెట్టడం నాకు ఇష్టం లేదు. తప్పదంటే, కోసిన తర్వాత 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లార్చి ఆ ఒత్తిడి తీసేయాలి. ఆ తర్వాత కూడా సబ్బు నీళ్లతోనే కడగాలి.

పాలీకార్బొనేట్ బలంలో అక్రిలిక్ కంటే చాలా మెరుగు, సుత్తి దెబ్బకు కూడా తట్టుకుంటుంది. అయితే మన బజార్లో ఇది షీట్లుగా సులభంగా దొరుకుతుంది కానీ మంచి రాడ్డుగా దొరకడం కష్టం. పైగా కొన్ని ద్రావకాలు తగిలితే దీనికీ పగుళ్లు వస్తాయి. కెల్లీ లాంటి తయారీ మౌత్‌పీస్ దొరికితే కొనండి. దీని రాడ్ కోసం ప్రత్యేకంగా తిరగాల్సిన పని లేదు.

నైలాన్ రాడ్ అన్ని చోట్లా ఉంటుంది, చవక, గట్టిది. కానీ తేమను పీల్చి ఉబ్బుతుంది. వానాకాలంలో ఒక కొలత, ఏప్రిల్‌లో ఇంకో కొలత అవుతుంది. షాంకు, అంటే వాద్యంలోకి దిగే తోక, రిసీవర్‌లో (వాద్యంలో అది కూర్చునే గొట్టంలో) ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వదులవుతుంది. టెఫ్లాన్ మెత్తగా ఉండి నొక్కుకుపోతుంది. ఏబీఎస్ పర్వాలేదు కానీ ఎసిటాల్ దొరికే ఊళ్లో దాని అవసరం రాదు.

పీవీసీ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మన దేశంలో పీవీసీ పైపుల తయారీలో ఎండకూ వేడికీ చెడిపోకుండా సీసం లవణాలు కలపడం ఏళ్ల తరబడి సాగింది. దాన్ని ఆపడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నిబంధనలు తెచ్చింది. మీ చేతిలో ఉన్న ముక్క ఎప్పటిదో, ఎవరు చేసిందో తెలియదు. ప్లంబింగ్ పైపుతో పిల్లలకు బాకా చేసిచ్చే వీడియోలు చూసి మౌత్‌పీస్ చేసేవాళ్లకు ఇదే నా విన్నపం: దానికి వాడేది నోరు. వంద గ్రాముల ఎసిటాల్ కొనుక్కోండి.

వంద గ్రాములని ఊరికే అనలేదు. ట్రంపెట్ మౌత్‌పీస్ అంచు బయటి వ్యాసం 27, 28 మి.మీ. ఉంటుంది, పొడవు దాదాపు 87 మి.మీ. కాబట్టి 30 మి.మీ. రాడ్‌లో 100 మి.మీ. ముక్క సరిపోతుంది. ఎసిటాల్ సాంద్రత 1.41 కాబట్టి ఆ ముక్క బరువు సరిగ్గా 100 గ్రాముల దగ్గర తేలుతుంది. ట్రాంబోన్, యుఫోనియంలకు 45 మి.మీ. రాడ్ తీసుకోండి.

కొన్నది నిజంగా ఎసిటాలేనా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. తెల్ల నైలాన్, తెల్ల ఎసిటాల్ చూపుకు ఒకేలా ఉంటాయి. గ్లాసు నీళ్లలో ఇక కరగనంత ఉప్పు వేసి కలపండి. చిన్న ముక్క అందులో వేస్తే నైలాన్ తేలుతుంది, ఎసిటాల్ మునుగుతుంది. పీవీసీ కూడా మునుగుతుంది కాబట్టి దానికి ఇంకో పరీక్ష ఉంది. రాగి తీగను ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అది పీవీసీ. ఈ పని మాత్రం ఆరుబయట చేయండి. రంగుల రాడ్లు, అక్కడక్కడా మచ్చలున్న రాడ్లు తుక్కు కలిపి పోసినవి కావచ్చు. సహజమైన తెల్ల రంగుదే అడగండి.

లేత్ షాపుకు వెళ్లే ముందు

లేత్ పనివాళ్లకు మౌత్‌పీస్ తెలియాల్సిన అవసరం లేదు. వాళ్లకు తెలిసింది కొలత. కొలతలు మనం తీసుకెళ్తే వాళ్లు అద్భుతంగా చేస్తారు, నోటిమాటగా చెబితే ఎవరూ చేయలేరు. బాలానగర్‌లో ఇలాంటి చిన్న పనికి వెళ్తే సంభాషణ ఇలా నడుస్తుంది. “అన్నా, ఒక్క పీసే. డెల్రిన్, రాడ్ నేనే తెచ్చిన.” “టేపర్ ఎంత కావాలె సార్? డ్రాయింగ్ ఉందా?” ఆ రెండో ప్రశ్నకు మీ దగ్గర కాగితం ఉండాలి.

ఆ కాగితంలో మొదటి ముఖ్యమైన అంకె షాంకు టేపర్, అంటే చివరికి వెళ్లేకొద్దీ షాంకు ఎంత సన్నబడుతుందో. మీ పాత మౌత్‌పీస్ తీసుకుని, షాంకు చివర వెర్నియర్‌తో వ్యాసం కొలవండి. సరిగ్గా 20 మి.మీ. పైకి గీత పెట్టి అక్కడ మళ్లీ కొలవండి. తేడా 1 మి.మీ. వస్తే టేపర్ 1:20 అన్నమాట. ట్రంపెట్ షాంకులు సాధారణంగా దీనికి చాలా దగ్గరగా ఉంటాయి, చివర వ్యాసం 9.7 మి.మీ. అటూ ఇటూగా వస్తుంది. లేత్ మీద టూల్‌ను వాలుగా నడిపే కాంపౌండ్ స్లైడ్‌ను సగం కోణానికి, అంటే ఒక డిగ్రీ 26 నిమిషాలకు తిప్పాలి. చాలాచోట్ల పూర్తి కోణం పెట్టేసి షాంకును పాడుచేస్తారు. కాగితం మీద “సగం కోణం” అని స్పష్టంగా రాయండి. బ్యాండుల్లో ఎక్కువగా వాడేవి మీరట్‌లో చేసిన వాద్యాలు. వాటి రిసీవర్ విదేశీ కొలతలతో సరిపోతుందని అనుకోకుండా మీ వాద్యంలో కూర్చున్న పాత మౌత్‌పీస్‌నే కొలవండి. యుఫోనియంకు షాంకులు మూడు సైజుల్లో ఉంటాయి కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం.

తర్వాత కప్పు. ట్రంపెట్‌కు అందరూ మొదలుపెట్టే బాక్ కంపెనీ 7సీ కప్పు లోపలి వ్యాసం 16.2 మి.మీ., 3సీ 16.3 మి.మీ. మధ్య తేడా పదో వంతు మి.మీ. మాత్రమే, అయినా అలవాటైన పెదవి ఆ తేడాను గుర్తుపడుతుంది. గొంతు రంధ్రం 3.66 మి.మీ., మన డ్రిల్లుల్లో 3.7 దానికి సరిపోతుంది. ట్రాంబోన్ వాయించేవాళ్లలో బాగా తెలిసిన 6½ఏఎల్ కప్పు 25.4 మి.మీ. కప్పు వంపును టూల్‌తో చేతివాటంగా తీయించకండి. అట్ట మీద వంపు గీసి కత్తిరించి, ఆ అట్టకు సరిపోయేలా హెచ్ఎస్ఎస్ ముక్కను గ్రైండ్ చేయించి, ఆ ఫారమ్ టూల్‌తో కప్పు తీయించండి. వెనక బోరు టేపర్‌కు, రంధ్రాన్ని వాలుగా వెడల్పు చేసే సన్నటి టేపర్ రీమర్ కావాలి. షాపులో లేకపోతే గుండ్రటి టూల్ స్టీల్ కడ్డీని టేపర్ తిప్పి, సగానికి గ్రైండ్ చేసి అక్కడే చేసుకోవచ్చు.

ప్లాస్టిక్‌తో పనిచేసేటప్పుడు లేత్ దగ్గర రెండు విషయాలు కళ్లారా చూసుకోవాలి. ఒకటి, త్రీ-జా చక్ గట్టిగా బిగిస్తే రాడ్ మూడు పక్కల నొక్కుకుపోయి, విప్పాక రంధ్రం గుండ్రంగా ఉండదు. చీల్చిన ఇత్తడి బుష్ వేసి పట్టించమనండి, రాడ్‌ను చుట్టూ సమంగా పట్టే కాలెట్ ఉంటే ఇంకా మంచిది. రెండోది, కోసిన వెంటనే కొలవనివ్వకండి. ఎసిటాల్ 20 డిగ్రీలు వేడెక్కితే 16 మి.మీ. కప్పు దాదాపు 0.035 మి.మీ. పెరుగుతుంది. చల్లారాక కొలిస్తేనే అసలు కొలత తెలుస్తుంది. షాంకు చివర ఇత్తడిలో ఉండేంత పల్చటి గోడ ప్లాస్టిక్‌లో నిలవదు. అక్కడ కనీసం ఒక మి.మీ. మందం వదిలి, వెనక బోరు కొంచెం సన్నగా ముగించమని చెప్పండి. దీనివల్ల పై స్వరాలు ఊదేటప్పుడు కొంచెం బిగుతుగా అనిపించొచ్చు. విరిగిపోయే షాంకు కంటే అది నయం.

కప్పు అలవాటైపోయింది, పెదవికి ఇత్తడి పడటంలేదు, అంతే సమస్య అంటే మొత్తం మౌత్‌పీస్ మార్చకండి. పాత దాని అంచును లేత్ మీద తీసేసి, మర వేసి, ఎసిటాల్ రిమ్ బిగించుకోవచ్చు. లోపలి కప్పు, గొంతు, షాంకు అన్నీ పాతవే కాబట్టి స్వరం దాదాపు మారదు. దద్దుర్లు వచ్చేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ మార్గమే.

త్రీడీ ప్రింట్ ఎప్పుడు?

రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్ల, ఊరంతా ఉన్న చిన్న ప్రింటింగ్ షాపుల్లో, డ్రాయింగ్ ఇస్తే మౌత్‌పీస్ ఆకారం వచ్చేస్తుంది. ప్రయోగానికి ఇంతకంటే సుఖమైన దారి లేదు. కప్పు లోతు కొంచెం అటూ ఇటూ మార్చి కొన్ని ముక్కలు ప్రింట్ చేయించి, ఒక్కోటీ కాసేపు ఊది చూసుకుంటే మీ పెదవికి ఏది కుదురుతుందో తెలుస్తుంది. కానీ రోజూ వాడడానికి అది పనికిరాదు. పొరల మధ్య గీతల్లో ఉమ్మి, మురికి చేరతాయి, ఎంత కడిగినా పోవు. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెల ఎండలో ఆపిన కారులో వదిలేస్తే వంకర తిరుగుతుంది. రెసిన్ ప్రింట్ నున్నగా వస్తుంది కానీ పూర్తిగా గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు. దంతవైద్యంలో నోట్లో వాడేందుకు చేసిన రెసిన్ తప్ప వేరేది నోట్లో పెట్టకండి. ప్రింట్‌తో కొలత తేల్చుకుని, ఆ కొలతతో ఎసిటాల్‌లో లేత్ మీద చేయించడం నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి.

క్లారినెట్, సాక్సోఫోన్ సంగతి

ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. కప్పు మౌత్‌పీస్ గుండ్రటి వస్తువు, లేత్ దాన్ని తేలిగ్గా చేస్తుంది. రీడు మౌత్‌పీస్‌లో లేత్ చేయగలిగేది బోరు, పై ఆకారం మాత్రమే. రీడు కింద ఉండే కిటికీ, దాని పక్క పట్టీలు, రీడుకు ఎదురుగా లోపల ఉండే బాఫిల్ అనే వాలు, ఛాంబరు, చివర టిప్ అన్నీ మిల్లింగ్, ఆకురాయి పనులు. అన్నిటికంటే కీలకమైన ఫేసింగ్ అనే వంపు, అంటే రీడు మెల్లగా దూరమవుతూ వెళ్లే ఆ పొడవు, చేత్తోనే తేలాలి. బీ-ఫ్లాట్ క్లారినెట్‌లో టిప్ దగ్గరి ఖాళీ సుమారు ఒక మి.మీ. యమహా 4సీలో అది 1.05, వాండోరెన్ కంపెనీ బీ45లో 1.195. ఈ రెండింటి మధ్య తేడా ఒకటిన్నర కాగితం మందం. కానీ వాయిస్తే రెండింటికీ కావాల్సిన రీడు బలం వేరు, ఊపిరి కూడా వేరు. ఇంత సున్నితమైన పనిని రాడ్ నుంచి మొదలుపెట్టడం మొదటిసారి చేసేవాళ్లకు వృథా ప్రయాస.

అందుకే రీడు వాద్యాలకు నిజమైన పోలిక వేరు: రాడ్ నుంచి చేయించడమా, కొని సరిచేసుకోవడమా. రెండోదే తీసుకోండి. చవక మౌత్‌పీస్‌ల్లో బోరు, ఛాంబరు చాలావరకు బాగానే ఉంటాయి. తేడా వచ్చేది ఫేసింగ్‌లో. దాన్ని చూసుకోవడానికి 10 మి.మీ. మందం గాజు పలక, మెకానిక్‌లు వాడే ఫీలర్ గేజ్, 400, 600 నంబరు వాటర్ పేపర్ చాలు. టేబుల్‌ను, అంటే రీడు కూర్చునే సమతల భాగాన్ని, గాజు మీద ఆనించి టిప్ వైపు నుంచి 0.05 మి.మీ. గేజ్‌ను లోపలికి జరపండి. అది ఎక్కడ ఆగుతుందో ఎడమ పక్క, కుడి పక్క చూడండి. రెండూ ఒకే చోట ఆగాలి. ఒక పక్క అర మి.మీ. ముందే ఆగితే ఆ మౌత్‌పీస్ కీచుమంటుంది, రీడు ఎంత మార్చినా లాభం లేదు. ఎత్తుగా ఉన్న పట్టీని మాత్రమే వాటర్ పేపర్ మీద రెండు మూడు సార్లు రుద్ది, మళ్లీ కొలిచి, మళ్లీ రుద్దాలి. టేబుల్‌ను రుద్దితే టిప్ ఖాళీ తగ్గుతుంది. టిప్ వైపు వంపును రుద్దితే పెరుగుతుంది, కానీ టిప్ పట్టీ మందమవుతుంది, దాన్ని లోపల నుంచి సన్నం చేయాలి. తొందరపడితే వెనక్కి రాని పని ఇది.

అన్నీ తెలిసి, చేయి తిరిగి, అయినా రాడ్ నుంచే చేస్తానంటే ఎబొనైట్‌కు నా ఓటు. గంధకంతో గట్టిపరచిన రబ్బరు ఇది, 1851లో నెల్సన్ గుడ్‌ఇయర్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ వాడుకలో ఉంది. మంచి క్లారినెట్ మౌత్‌పీస్‌లు ఇప్పటికీ దీంతోనే చేస్తారు. ఆకురాయి కింద ఎసిటాల్ తీగలు లేచి నూగుగా అవుతుంది, ఎబొనైట్ శుభ్రంగా పొడిగా రాలుతుంది. ఫేసింగ్ పనికి ఈ గుణమే కావాలి. తెలుగువాళ్లకు ఎబొనైట్ కొత్త కాదు. రాజమండ్రి రత్నం పెన్నులు, ఆబిడ్స్‌లో దొరికే చేతితయారీ పెన్నులు ఈ రాడ్‌నే లేత్ మీద తిప్పి చేసినవి. రాడ్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా కోయాలో పెన్నులు చేసేవాళ్లను అడిగితే లేత్ షాపు కంటే మంచి సమాధానం వస్తుంది. ఎండలో పెడితే ఇది ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది, వేడినీళ్లు పోస్తే గంధకం వాసన కొడుతుంది. పొడి పీల్చకుండా తడిగానే రుద్దండి. ఎబొనైట్ దొరకకపోతే కాస్ట్ అక్రిలిక్.

ఎవరికి ఏది

పెళ్లి బ్యాండులో రోజూ వాయించే ట్రంపెట్, యుఫోనియం వాళ్లు ఎసిటాల్ తీసుకోవాలి, ఆలోచించనక్కర్లేదు. స్కూలు బ్యాండుకు ఒకేసారి చాలా కావాలంటే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) షాపులో ఒకే డ్రాయింగ్‌తో చేయించండి, విడివిడిగా చేయిస్తే ఏ రెండూ ఒకేలా రావు. ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడికి మాత్రం ఏదీ చేయించకండి. పెదవి ఇంకా కుదరలేదు కాబట్టి, కష్టం మౌత్‌పీస్‌దో తనదో వాడికి తెలియదు. ముందు ప్రామాణికమైనది, ట్రంపెట్‌కు 7సీ గానీ క్లారినెట్, సాక్సోఫోన్‌కు 4సీ గానీ, కొనివ్వండి, ఏడాది తర్వాత చూడొచ్చు. క్లారినెట్, సాక్సోఫోన్ వాళ్లు గాజు పలక, ఫీలర్ గేజ్ కొనుక్కుని తమ దగ్గరున్న మౌత్‌పీస్‌ను ఒకసారి కొలవడంతో మొదలుపెట్టండి. చాలాసార్లు అక్కడే సమస్య తేలిపోతుంది.

కొత్త ఎసిటాల్ మౌత్‌పీస్ మొదటిసారి వాద్యంలో పెట్టేటప్పుడు చేత్తో కొట్టి దించకండి. మెల్లగా పెట్టి పావు చుట్టు తిప్పితే చాలు. గట్టిగా దిగితే ఎండలో వ్యాకోచించి ఇరుక్కుపోతుంది. పాత మౌత్‌పీస్ ఎంత లోపలికి వెళ్లేదో గీత పెట్టుకుని, కొత్తది కూడా అంతే వెళ్తోందా చూడండి. ఎక్కువ వెళ్తే శ్రుతి పైకి పోతుంది, తక్కువైతే కిందికి. బయటే ఉంటే షాంకును కొంచెం కోయించవచ్చు. లోపలికి ఎక్కువ పోతే మాత్రం ఇంకో ముక్క చేయించాల్సిందే, అందుకే మొదటి షాంకును పావు మి.మీ. లావుగా ఉంచమని చెప్పి, వాద్యాన్ని షాపుకే తీసుకెళ్లి అక్కడే చూసి తగ్గించండి. పని అయ్యాక డ్రాయింగ్, కప్పు కోసం గ్రైండ్ చేయించిన ఫారమ్ టూల్, టేపర్ రీమర్ మూడూ అడిగి ఇంటికి తెచ్చుకోండి. అవి మీ దగ్గరుంటే రెండో మౌత్‌పీస్‌కు అయ్యే ఖర్చు రాడ్ ముక్క, కాసేపు లేత్ పని, అంతే.